17 వేలా, 26 వేలా: ఒక పాత లాప్‌టాప్ బేరం

హనుమకొండలో కంప్యూటర్ రిపేరు షాపు పెట్టి 14 ఏళ్లయింది. పాత లాప్‌టాప్‌లు కొంటాను, బాగుచేసి అమ్ముతాను. షాపు మెట్లెక్కేవాళ్లలో సగం మంది మొదటి మాట "దీనికి ఎంతొస్తది?" అనే. ఆ ప్రశ్నకి జవాబు నాకు ఎంత అలవాటైపోయిందంటే, ఒక్కోసారి వస్తువు సంచిలోంచి బయటికి రాకముందే అంకె నోట్లోంచి వచ్చేస్తుంది. ఈ కేసులో అలా జారిన ఒక్క అంకె వల్ల ఇద్దరు పెద్దమనుషులు మూడు వారాలు ఒకరికొకరు మొహం చాటేసుకున్నారు. తప్పు నాది కాబట్టి నేనే రాస్తున్నాను. మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు తీసేశాను. అంకెలు మాత్రం నా నోటుబుక్కులో రాసుకున్నవే.

వచ్చినాయన, తెచ్చిన వస్తువు

ఆయనకి 50 దాటి ఉంటాయి. ఇంట్లోనే ఒక గదిలో కూర్చుని చిన్న చిన్న వ్యాపారులకి జీఎస్టీ రిటర్న్‌లు, ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్కలు చూస్తారు. నేను సార్ అంటాను, ఆయన నన్ను తమ్మీ అంటారు. 2025 నవంబర్ మధ్యలో లాప్‌టాప్ తెచ్చారు. ఐ5 11వ జనరేషన్ ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, ఫైళ్లు దాచుకునే 512 జీబీ ఎస్ఎస్‌డీ, 15.6 అంగుళాల స్క్రీన్. 2021 ఆగస్టులో 62,000 పెట్టి కొన్నారట. కరోనా తర్వాత ఆన్‌లైన్ క్లాసులు, ఇంటి నుంచి ఉద్యోగాల వల్ల లాప్‌టాప్‌లు దొరకని రోజులవి, అడిగిన రేటు ఇచ్చి తెచ్చుకున్నారు.

పై మూత మీద ఒక్క గీత లేదు. కీబోర్డులో కుడివైపు అంకెల బటన్లు మాత్రం అరిగి నిగనిగలాడుతున్నాయి. 5, 0, ఎంటర్ మీద అక్షరాలు సగం పోయాయి. మిగతా కీబోర్డు కొత్తదానిలా ఉంది. ఇది ఎవరి లాప్‌టాప్ అని అడగక్కర్లేదు.

"కింద పడలే, నీళ్లు తగలలే, పిల్లలు ముట్టలే. నాలుగేండ్లలో ఒక్కసారి గూడ బ్యాటరీ మీద నడపలే, ఎప్పుడూ ఛార్జర్ మీదనే" అన్నారు గర్వంగా. ఆ చివరి మాట దగ్గరే నా చెవులు నిక్కపొడుచుకోవాల్సింది. ఆ రోజు షాపులో నలుగురు ఉన్నారు, వినీ విననట్టు వదిలేశాను.

అసలు సమస్య

ఆయన చేతిలో అప్పటికే మూడు ధరలు ఉన్నాయి. మూడూ ఆయన కష్టపడి కనుక్కున్నవే.

మొదటిది ఆయన పుస్తకంలోది. ఆదాయపు పన్ను లెక్కలో కంప్యూటర్‌కి తరుగుదల ఏడాదికి 40 శాతం. 62,000 మొదటి ఏడాది చివర 37,200 అవుతుంది, రెండో ఏడాది 22,320, మూడో ఏడాది 13,392, నాలుగో ఏడాది 8,035. "నా బుక్స్‌ల ఇది 8 వేల సామాను తమ్మీ" అని నవ్వారు.

రెండోది పాత సామాన్లు కొనే ఒక వెబ్‌సైటు చూపించింది. పది ప్రశ్నలడిగి 14,500 అంది. ఆ ప్రశ్నలకి ఆయన "అంతా బాగుంది" అని నొక్కారు కాబట్టి అది కూడా ఇంటికొచ్చి చూశాక తగ్గే ధరే.

మూడోది ఆయన మనసులోది, 38,000. సెకండ్ హ్యాండ్ యాప్‌లో "ఐ5 లాప్‌టాప్" అని వెతికితే 9 వేల నుంచి 38 వేల దాకా కనిపించాయట. తనది బాగుంది కాబట్టి పై అంకె తీసుకున్నారు. పది రోజులు ఆ ధరకి పెట్టారు. వచ్చిన మెసేజ్‌లు "ఫైనల్ ఎంత", "15కి ఇస్తరా" లాంటివి. ఒకతను మాత్రం తాను ఆర్మీలో ఉన్నానని, చూడకుండానే కొంటానని, డబ్బు పంపడానికి క్యూఆర్ కోడ్ పంపుతున్నానని, స్కాన్ చేసి పిన్ కొట్టమని అన్నాడు. డబ్బు రావడానికి పిన్ కొట్టాల్సిన పని ఉండదన్నది సార్‌కి తెలుసు కాబట్టి బతికిపోయారు.

ఈ మూడు అంకెలూ ఎందుకు పనికిరావో అప్పుడే కూర్చుని చెప్పి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. ఇప్పుడు చెప్తాను.

పుస్తకంలో తరుగుదల పన్ను కోసం పెట్టిన రేటు. రేపు మార్కెట్‌లో ఎవరు ఎంతిస్తారన్న దానితో దానికి సంబంధం లేదు. అలాగే 62,000 కూడా. కొనేవాడికి మీరు ఎంత పోశారన్నది అనవసరం, ఈ రోజు షోరూముకెళ్తే తనకి ఎంతవుతుందన్నదే కావాలి. 2021లో కరువు రేటుకి కొన్నందుకు కొనేవాడు జాలి చూపించడు.

ఇక యాప్‌లో కనిపించే ధరలు. అవి అడుగుతున్న ధరలు, అమ్ముడైన ధరలు కావు. సరైన రేటు పెట్టినవాడి లాప్‌టాప్ రెండు రోజుల్లో పోతుంది, ప్రకటన తీసేస్తాడు. నెలల తరబడి వేలాడేవన్నీ ఎక్కువ పెట్టినవే. అంటే మనం వెతికినప్పుడు కళ్ల ముందు మిగిలేవి పోని బేరాలు. వాటిని చూసి ధర కట్టడమంటే పరీక్ష తప్పినవాళ్ల పేపర్లు చూసి జవాబులు రాయడమే.

పైగా "ఐ5" అన్న మాట ఒక్కటీ ఏమీ చెప్పదు. లాప్‌టాప్‌లలో ఐ5 7వ జనరేషన్ దాకా మామూలు రకాల్లో రెండు కోర్లు, అంటే ప్రాసెసర్‌లో ఒకేసారి పని చేసే భాగాలు. 8వ జనరేషన్ నుంచి నాలుగు. విండోస్ 11 అధికారికంగా 8వ జనరేషన్ నుంచే. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు ఆగిపోయింది కదా, ఆ నెలంతా 6వ, 7వ జనరేషన్ లాప్‌టాప్‌లు నా షాపుకి వరదలా వచ్చాయి. ఆ 9 వేలవి అవి. 38 వేలవి వేరే తరగతివి, కొన్నిటికి ఇంకా వారంటీ ఉంది. సార్ లాప్‌టాప్ ఈ రెండిటికీ చుట్టం కాదు.

నేను చేసిన పని

ఇవేమీ చెప్పలేదు. ఛార్జర్ పెట్టి ఆన్ చేశాను, నాలుగు బటన్లు నొక్కాను, రెండు యూఎస్‌బీల్లో పెన్‌డ్రైవ్ పెట్టి తీశాను. అయిదు నిమిషాలు. "17 ఇస్తా సార్" అన్నాను.

ఆయన మొహం చిన్నబోయింది. 38 అనుకుని వచ్చిన మనిషికి 17 అంటే, నాలుగేళ్లు పువ్వులా చూసుకున్న వస్తువుని ఇనప సామాను కింద కట్టినట్టుంటుంది. ఆయన్ని ఓదార్చడానికి అన్నాను: "నేను షాపువాణ్ణి కాబట్టి అంతే ఇయ్యగల్గుత. బయట ఎవరికైనా ఇస్తే 26 దాకా వస్తది సార్."

ఆ 26 అబద్ధం కాదు. అలాంటిది బాగుచేసి నా షాపులో నేను అమ్మే ధర అది. కానీ ఆ ధరలో ఏమేం ఉన్నాయో చెప్పలేదు. రెండో రోజు సాయంత్రానికే సార్ ఫోన్ చేశారు: "అమ్మేసిన తమ్మీ, 26కే. నువ్వు చెప్పినవని చెప్పిన, మారు మాట్లాడకుండ ఇచ్చిండు."

కొన్నది ఆయన దగ్గర లెక్కలు రాయించుకునే పెయింట్ల షాపు యజమాని. కూతురు బీటెక్ మొదటి ఏడాది. లెక్కలు చూసే సార్‌తో బేరమేంటని ఆయన అడగలేదు. షాపతను చెప్పాడు కదా అని సార్ తగ్గించలేదు. ఇద్దరి మధ్యా నా మాటే బేరమాడింది.

బెడిసింది

తొమ్మిదో రోజు పెయింట్ల షాపాయన ఒక్కడే వచ్చాడు. సంచిలో ఆ లాప్‌టాపే.

"అన్నా, దీనికి బ్యాటరీ వెయ్యి. ఎంతైతది?"

"ఏమైంది?"

"బిడ్డ కాలేజీకి తీస్కపోతే గంట గూడ ఆగుతలేదంట. ల్యాబుల ప్లగ్గులు అందరికీ అందయి."

సార్‌కి చెప్పారా అనడిగాను. "మా లెక్కలు చూసేటాయన. అడిగితే బాగుండదు. నువ్వు గూడ చెప్పకు" అన్నాడు. కోపంగా అనలేదు. ఆ నెమ్మదే నాకు గుచ్చుకుంది.

రెండు రోజుల తర్వాత సార్ ఏదో పని మీద వచ్చి, మాటల్లో మాటగా, ఆ పెయింట్ల షాపాయన ఈ నెల బిల్లులు ఇంకా పంపలేదని, 20వ తారీఖులోపు జీఎస్టీ నెలవారీ 3బి రిటర్న్ వెయ్యాలని, ఫోన్ చేస్తే రేపు మాపు అంటున్నాడని, వేరే ఎవరి దగ్గరికైనా పోయాడేమోనని అన్నారు. ఇద్దరికీ మధ్య ఏం జరుగుతోందో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. అప్పుడు నాకు అర్థమైంది, ఇది బ్యాటరీ మార్చి పంపిస్తే తీరే కేసు కాదని.

ఈసారి బల్ల మీద పెట్టి

ఆ రోజే లాప్‌టాప్‌ని మొదటిసారి చూస్తున్నట్టు మొదలుపెట్టాను. ఇది ఎవరైనా ఇంట్లో చేసుకోగల పనే.

ముందు బ్యాటరీ. స్టార్ట్‌లో సీఎండీ అని కొట్టి, తెరుచుకున్న నల్ల కిటికీలో పవర్‌సీఎఫ్‌జీ, ఖాళీ వదిలి స్లాష్, బ్యాటరీరిపోర్ట్ అని కలిపి (powercfg /batteryreport) టైప్ చేస్తే విండోస్ ఒక ఫైలు తయారుచేసి పెడుతుంది. అందులో రెండు అంకెలు చూడాలి: డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ. మొదటిది కొత్తలో ఎంత పట్టేదో, రెండోది ఇప్పుడు ఎంత పడుతుందో. ఇక్కడ 41,000కి 18,200 మిల్లీవాట్ అవర్లు. 44 శాతం. ఛార్జర్ తీసేసి, వెలుగు ముప్పావు పెట్టి, ఆ అమ్మాయి ల్యాబులో చేసే పనిలాంటిదే చేస్తూ కూర్చున్నాను. గంటా 5 నిమిషాలకి, ఇంకా 12 శాతం ఉందని చూపిస్తూనే టప్పున ఆరిపోయింది.

సార్ గర్వపడ్డ జాగ్రత్తే దాన్ని తినేసింది. లిథియం బ్యాటరీని నిండా ఛార్జి చేసి, పైగా వేడిలో, ఏళ్ల తరబడి అలాగే ఉంచితే వాడినదానికన్నా తొందరగా ముసలిదైపోతుంది. రోజూ 10 గంటలు ఛార్జర్ మీద, మే నెల వరంగల్ ఎండలో. బ్యాటరీ మీద నడపకపోవడమంటే దాన్ని దాచుకున్నట్టని చాలామంది అనుకుంటారు, ఊరగాయ జాడీలా.

ఎస్ఎస్‌డీ ఆరోగ్యం 91 శాతం, బాగుంది. కింది మూత విప్పితే ఫ్యాన్ దగ్గర దుమ్ము బూజు గుడ్డలా పట్టి ఉంది. ప్రాసెసర్ మీద వేడిని లాగే పేస్టు ఎండిపోయింది. 20 నిమిషాలు బరువు పని పెడితే వేడి 95 డిగ్రీలు దాటింది, శుభ్రం చేసి కొత్త పేస్టు రాశాక 82 దగ్గర నిలిచింది. ఛార్జర్ వైరు పిన్ను దగ్గర నల్ల టేపు చుట్టి ఉంది. అది కూడా కాగితం మీద రాశాను. ఆ రాత తర్వాత పనికొచ్చింది.

ఇంకొకటి దొరికింది, ధరకి సంబంధం లేనిది, కానీ ధర కన్నా పెద్దది. సార్ తన ఫోల్డర్లు డిలీట్ చేసి ఇచ్చేశారు, అంతే. బ్రౌజర్ తెరిస్తే జీఎస్టీ పోర్టల్ పాస్‌వర్డ్‌లు, ఒకటి కాదు, ఆయన క్లయింట్లందరివీ, అలాగే సేవ్ అయి ఉన్నాయి. ఇప్పుడు వాడుతున్నది కూడా ఆ క్లయింట్లలో ఒకరి కూతురే. ఆ అమ్మాయికి ఆ ఆలోచనే రాలేదు, అది వేరే సంగతి. పోర్టల్‌లో పాస్‌వర్డ్‌లన్నీ ఆ రాత్రే మార్చుకోమని సార్‌కి చెప్పాను. సెట్టింగ్స్‌లో రీసెట్‌కి వెళ్లి, అన్నీ తీసెయ్ అన్నది ఎంచుకుని, క్లీన్ డేటా కూడా ఆన్ చేసి తుడిచాను. సార్ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోంచి ఆ లాప్‌టాప్ పేరు తీయించాను. అప్పుడే ఇంకో లెక్క బయటపడింది. "ఆఫీస్ గూడ ఉంది, ట్యాలీ గూడ ఉంది" అని సార్ ఆ సాఫ్ట్‌వేర్లని కూడా ధరలో కలుపుకున్నారు. లాప్‌టాప్‌తో వచ్చిన ఆఫీస్ మొదటిసారి తెరిచినప్పుడే ఆయన అకౌంట్‌కి అతుక్కుపోయింది. లెక్కలు రాసే ట్యాలీ లైసెన్సు ఆయనకే కావాలి. తుడిచాక రెండూ కొనేవాళ్లకి రావు. కాబట్టి వాటికి సున్నా.

17 ఎక్కడిది, 26 ఎక్కడిది

ఇప్పుడు కాగితం మీద నా రెండు అంకెల్ని విప్పాను. పద్నాలుగేళ్లుగా మనసులో వేసుకునే లెక్కే, ఎప్పుడూ కాగితం మీద పెట్టలేదు.

ముందు పై కొస. ఆ వారం మా ఊరి షోరూముల్లో అదే పని చేసే కొత్త లాప్‌టాప్ 46,000. కార్డు ఆఫర్ పోను 43,000కి వస్తుంది, ఈఎంఐ ఉంది, ఏడాది వారంటీ ఉంది. నా అనుభవంలో పాతదాని ధర కొత్తదానిలో 60 శాతం దాటితే తల్లిదండ్రులు "ఇంకొంచెం వేసి కొత్తదే కొందాం" అంటారు. 43,000లో 60 శాతం 25,800. 26 అక్కడిది. అదీ బ్యాటరీ మార్చి, శుభ్రం చేసి, 3 నెలలు గ్యారంటీ ఇచ్చి నేను అమ్మితే.

ఆ 26,000లోంచి బ్యాటరీకి 4,000, సర్వీసుకి 500 తీసేస్తాను. గ్యారంటీలో తిరిగొచ్చే వాటి కోసం 1,500 పక్కన పెడతాను. షాపు అద్దె, డబ్బు ఇరుక్కోవడం, నా లాభం కలిపి 3,000. మిగిలింది 17,000.

రెండు అంకెల మధ్య 9,000 తేడా. నేను దోచుకునేది అంతా అని కొందరి అనుమానం. అందులో సగం వస్తువు లోపం సరిచేయడానికి అయ్యే ఖర్చు. మిగతా సగం, రేపు చెడిపోతే ఎవరు చూస్తారు, ఎవరు కూర్చుని అమ్ముతారు అన్న దానికి. ఇద్దరు మనుషులు నేరుగా అమ్ముకున్నప్పుడు నా 3,000 మిగులుతుంది నిజమే. కానీ బ్యాటరీ చచ్చిపోయే ఉంది, చెడిపోతే అన్న భయం ఉండనే ఉంది. అవి నాతోపాటు మాయం కావు. నేను ఓదార్పుకి చెప్పిన 26లో వాటన్నిటినీ ఆ అమ్మాయి తండ్రి నెత్తిన పెట్టాను, ఆయనకి తెలియకుండా.

అయితే ఎంత న్యాయం? 26,000లోంచి బ్యాటరీ, సర్వీసు పోతే 21,500. నా 3,000 ఎవరికి చెందాలి? అమ్మినాయనకే అనొచ్చు, ఆయన వస్తువు కాబట్టి. నాకు అలా అనిపించలేదు. షాపులో కొంటే పది లాప్‌టాప్‌లు చూసి ఎంచుకోవచ్చు, నచ్చకపోతే మార్చుకోవచ్చు. ఇంటి దగ్గర కొన్నాయన అది వదులుకున్నాడు. అందుకని చెరి సగం చేశాను. 20,000.

ఇక 1,500 భయం. ధరలోంచి తగ్గించేస్తే, ఏమీ చెడిపోకపోతే అమ్మినాయన ఊరికే నష్టపోతాడు. తగ్గించకపోతే, చెడిపోయినప్పుడు కొన్నాయన నోరు తెరిచి అడగాలి, ఈయన అడిగే మనిషి కాదు. అందుకే ఆ 1,500 నా డ్రాయర్లో 30 రోజులు ఉంటుందని రాశాను. కాగితంలో రాసి ఉన్న పాత లోపం ఏదైనా బయటపడితే అందులోంచి బాగుచేస్తాను, మిగిలింది సార్‌కి ఇస్తాను. ఒకరినొకరు అడుక్కోవాల్సిన పని లేదు.

ర్యామ్ దగ్గర ఒక చిక్కు వచ్చింది. సీనియర్లు 16 జీబీ ఉండాలన్నారని అమ్మాయి చెప్పింది, దానికి కూడా ధరలో తగ్గించొచ్చు కదా అంకుల్ అని. ఖాళీ స్లాట్ ఒకటుంది, నాకు అలవాటైన రేటు చెప్పబోయి, ఈసారి నోరు కట్టేసుకుని సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్ల మార్కెట్ సీటీసీలో మాకు సరుకిచ్చే అతనికి ఫోన్ చేశాను. ఏఐ సర్వర్లకే మెమరీ చిప్పులన్నీ పోతున్నాయని, రేటు రెట్టింపు దాటిందని చెప్పాడు. అయినా నేను తగ్గించలేదు, కారణం రేటు కాదు. బ్యాటరీ ఉండాల్సినట్టు లేదు, అది లోపం. ర్యామ్ ఉండాల్సినంతే ఉంది, ఎక్కువ కావాలన్నది కొనేవాళ్ల అవసరం. అవసరానికి అమ్మేవాడి దగ్గర కోత పెడితే బేరానికి అడుగు ఉండదు. 8 జీబీ లాప్‌టాప్ అని చెప్పే కదా అమ్మారు. అమ్మాయి ఒప్పుకుంది, మూతి ముడుచుకునే అనుకోండి.

ఇద్దరినీ కలపకుండా కలపడం

ఇద్దర్నీ ఒకేసారి షాపుకి పిలవాలా అని ఒక పూట ఆలోచించాను. పిలిస్తే ఏం జరిగేదో తెలుసు. "ఏం లేదు సార్, మంచిగనే ఉంది" అని ఈయన, "ఏదైనా ఉంటే చెప్పండి మరి" అని ఆయన, చాయ్ తాగి వెళ్లిపోయేవాళ్లు. మొహమాటం గదిలో కూర్చుంటే నిజం బయట నిలబడుతుంది.

అందుకే అదే కాగితం పట్టుకుని విడివిడిగా వెళ్లాను. ముందు సార్ దగ్గరికి. తప్పు నాదని, 26 అన్నది నా షాపు ధర అని, కొన్నాయన ఒక్క మాట కూడా అనలేదని, నాకు నేనే వచ్చానని చెప్పాను. ఆయన కాగితాన్ని రిటర్న్ చూసినట్టు పైనుంచి కిందికి చదివారు. బ్యాటరీ 44 శాతం దగ్గర వేలు ఆగింది. "నేను వాడనే లేదు గద తమ్మీ" అన్నారు, రెండు సార్లు. వాడకపోవడమే అని చెప్పడానికి నాకు పది నిమిషాలు పట్టింది.

తర్వాత ఆయనడిగిన ప్రశ్న అసలైనది. "నువ్వు ఇస్త అన్నది 17. ఇప్పుడు నాకొచ్చేది 20, అండ్ల గూడ పదిహేను వందలు నీ దగ్గరే. 3 వేల కోసం యాప్‌ల పెట్టుడు, ఫోన్లు, ఈ తలనొప్పి. అప్పుడే నీకిచ్చేస్తే అయిపోవు కద?"

అయిపోయేది. నిజమే అన్నాను. పని ఉన్న మనిషికి షాపుకి ఇచ్చేసి చేతులు దులుపుకోవడమే లాభం కావచ్చు. ఆ 3 వేలు ఊరికే వచ్చే డబ్బు కాదు, అమ్మే పని నేను కాకుండా మీరు చేసినందుకు కూలి. ఈ మాట మొదటి రోజే చెప్పాల్సింది. వ్యాపారం కోసం చెప్తున్నాననుకుంటారని మింగేశాను.

ఆయన అక్కడే ఫోన్ తీసి 6,000 పెయింట్ల షాపాయనకి పంపారు. 1,500 నాకు పంపారు. ఒక్క మాటే అన్నారు: "ఇది నేను ఇస్తున్న అని చెప్పకు, లెక్క తప్పింది సరిచేసిన్రు అని చెప్పు."

అటు వైపు పని తేలిక. కాగితం చూపించి, 26 కాదు 20 అని, తేడా మీకు వచ్చేసిందని, బ్యాటరీ 4,000 మీరు పెట్టుకోవాలని, బిగించే కూలి, సర్వీసు నా జుర్మానా అని చెప్పాను. ఆయనకి మొత్తం 24,000 పడింది, నా షాపులో అయితే 26,000 అయ్యేది. ఆ సాయంత్రమే నెల బిల్లులన్నీ వాట్సాప్‌లో సార్‌కి పంపాడని తర్వాత తెలిసింది.

22వ రోజు అమ్మాయి వచ్చింది. ఛార్జింగ్ ఎక్కుతూ ఆగుతూ ఉందట. చూస్తే పిన్ను దగ్గర, ఆ నల్ల టేపు కిందే, వైరు తెగింది. వాడుతుంటే తెగింది కదా, కొత్త లోపమేమో అని ఒక క్షణం తటపటాయించాను. కాగితం తీశాను. టేపు సంగతి నా చేతిరాతతోనే ఉంది. డ్రాయర్లోంచి 900 పెట్టి కొత్త అడాప్టర్ ఇచ్చాను. నెల నిండాక సార్‌కి 600 ఇచ్చాను, కాగితం నకలుతో సహా.

ఇప్పుడు షాపులో ఏం మారింది

ఒక్క అంకె చెప్పడం మానేశాను. ఎవరడిగినా రెండు రాసిస్తాను: ఈ క్షణం నాకిస్తే ఇంత, మీరే అమ్ముకుంటే ఇంత, దాని కింద ఏమేం మీ నెత్తిన ఉంటాయో. కొందరికి చిరాకు. ఒకాయన "డాక్టర్ చీటీలా ఉంది" అన్నాడు.

ఛార్జర్ తీసేసి చూడకుండా ధర చెప్పను. గంట పడుతుంది, రేపు రమ్మంటాను. ఆ గంటలో పోయిన బేరాలు కూడా ఉన్నాయి, రెండో షాపువాడు నిమిషంలో చెప్పేస్తాడు కాబట్టి. చుట్టాలు, తెలిసినవాళ్ల మధ్య అమ్మకమైతే ఆ 30 రోజుల డ్రాయరు పద్ధతి నేనే ఎత్తుతాను. తెలియనివాళ్ల మధ్య అది కుదరదు, నెల తర్వాత ఎవరూ దొరకరు. వాళ్లకి ఆ 1,500 ధరలోనే తగ్గించుకోమంటాను.

కొత్త లాప్‌టాప్ ధర మాత్రం ఏ వారానికి ఆ వారం కనుక్కోవాల్సి వస్తోంది. ర్యామ్ రేట్ల దెబ్బకి అది కదులుతున్నప్పుడు నిరుడు నేర్చుకున్న 60 శాతం లెక్క ఈ ఏడు ఎంతవరకు నిలుస్తుందో చూడాలి.

సార్ జనవరిలో కొత్తది కొన్నారు. సెట్ చేయడానికి నేనే వెళ్లాను. ఛార్జర్ ఎలాగూ తీయరని తెలుసు కాబట్టి, బ్యాటరీ 80 శాతం దగ్గర ఆగేలా సెట్టింగ్ పెట్టి వచ్చాను. పొద్దున ఏడింటికి ఫోన్.

"తమ్మీ, రాత్రంతా పెట్టిన, 80 దాటుతలేదు. కొత్తది గూడ ఖరాబైందా?"